ఐరిష్ మిలీషియా సిపాయి జాడ: జీతాల పట్టీల వెంట

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. సికింద్రాబాద్ కంటోన్మెంటులోనూ, గుంతకల్లు వంటి రైల్వే జంక్షన్లలోనూ స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారు తమ వంశవృక్షం రాసుకుంటూ వెనక్కి వెళ్తున్నప్పుడు చాలాసార్లు ఒకే మెట్టు దగ్గర ఆగిపోతుంటారు. "మా మూలపురుషుడు ఐర్లండు వాడు, అక్కడి మిలీషియాలో ఉండేవాడట" అన్న మాట ఇంట్లో తరతరాలుగా వినబడుతూ ఉంటుంది. ఏ ఊరు, ఏ కాలం, ఎవరి కొడుకు అని అడిగితే మాత్రం చెప్పగలిగినవారు ఉండరు. ఆ ఒక్క మాటను పట్టుకుని ఎంత దూరం వెళ్లవచ్చో, ఏ కాగితం దేని దగ్గరికి దారి చూపుతుందో ఈ రోజు వివరించమని నిర్వాహకులు కోరారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలామంది పూర్వీకుడి ఊరి కోసం వెతుకుతారు. వెతకవలసింది అతని పటాలం కోసం. ఐర్లండులో పేద రైతు గురించీ కూలివాడి గురించీ ఊరు రాసిపెట్టుకున్నది చాలా తక్కువ, అందులోనూ మిగిలింది ఇంకా తక్కువ. కానీ అదే మనిషి మిలీషియాలో చేరిన నాటి నుంచి అతనికి జీతం ఇవ్వాలి, బట్టలు ఇవ్వాలి, పారిపోతే పట్టుకోవాలి. కనుక ప్రభుత్వం అతని పేరు పదే పదే రాసింది. డబ్బు ఇచ్చినవాడు లెక్క రాయక మానడు.

మిలీషియా అంటే ఏమిటో స్పష్టం చేసుకోకపోతే తప్పు దస్త్రాల్లో పడతాం. ఐర్లండులో అంతకుముందు కూడా ప్రొటెస్టెంట్లకే పరిమితమైన మిలీషియా ఒకటి ఉండేది కానీ, మనకు పనికివచ్చేది 1793 చట్టంతో ఏర్పడినది. ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది, రెగ్యులర్ సైన్యం బయటికి వెళ్లింది, ద్వీపాన్ని కాపాడే బలగం కావలసి వచ్చింది. జిల్లాల వారీగా, అంటే వారి కౌంటీల వారీగా, మొత్తం 38 పటాలాలు లేచాయి. అదే ఏడాది వచ్చిన కాథలిక్ ఉపశమన చట్టం కారణంగా కాథలిక్కులు కూడా సిపాయిలుగా చేరగలిగారు. సిపాయిల్లో అత్యధికులు వారే అయ్యారు, అధికారుల్లో అత్యధికులు ప్రొటెస్టెంట్లే. చీటీలు తీసి పేరు వచ్చినవాణ్ని తీసుకుపోతారన్న భయంతో 1793 వేసవిలో ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. కొద్ది వారాల్లో 200 మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల లెక్క. చీటీ వచ్చినవాడు తన బదులు మరొకణ్ని డబ్బిచ్చి పంపవచ్చు. తర్వాత తర్వాత చీటీల పద్ధతి సడలి, నజరానా ఇచ్చి చేర్చుకోవడమే ఆనవాయితీ అయింది. కాబట్టి మీ పూర్వీకుడు మిలీషియాలో ఉన్నాడు కనుక రాజభక్తుడనో, పేరు వచ్చి బలవంతంగా వెళ్లాడనో నిర్ధారించకండి. మరొకడి చీటీకి డబ్బు తీసుకుని వెళ్లినవాడు కూడా అయి ఉండవచ్చు.

మరో రెండు బలగాలతో దీన్ని కలగలపకూడదు. 1796లో ఏర్పడిన యోమన్రీ స్థానిక భూస్వాముల కింద ఉన్న, ఎక్కువగా ప్రొటెస్టెంటులతో కూడిన, తీరిక వేళల్లో కవాతు చేసే దళం. 1778 ప్రాంతంలో వచ్చిన వాలంటీర్లు ప్రభుత్వ జీతం మీద ఉన్నవారు కారు, కాబట్టి వారికి మిలీషియాకు ఉన్నటువంటి జీతాల పట్టీలు లేవు. "మిలీషియా" అని ఇంట్లో చెప్పుకున్న మాట నిజానికి వీటిలో ఏదైనా కావచ్చు. కాథలిక్ కుటుంబమైతే మిలీషియాకే అవకాశం ఎక్కువ.

ఇక మనల్ని ఎక్కువగా తిప్పలు పెట్టే నియమం ఒకటి ఉంది. మిలీషియా పటాలాన్ని సొంత కౌంటీలో ఉంచేవారు కాదు. తమ వాళ్ల మీదికే తుపాకీ ఎత్తవలసి వస్తే ఎత్తరన్న అనుమానం దీనికి కారణం. కార్క్ వాళ్లు వెక్స్‌ఫర్డ్‌లో, మోనహన్ వాళ్లు యాంట్రిమ్, డౌన్ ప్రాంతాల్లో, లిమరిక్ నగరం వాళ్లు స్లైగోలో ఉండేవారు. భార్యాపిల్లలు కూడా చాలాసార్లు వెంట వెళ్లేవారు. అందువల్ల ఒక సిపాయి పెద్దకొడుకు బాప్టిజం ఒక మూల, చిన్నకూతురి బాప్టిజం ద్వీపానికి ఆ చివర మరో మూల నమోదై ఉంటుంది. సొంత పారిష్ (చర్చి పరిధి) రిజిస్టరు పదిసార్లు తిరగేసినా వాళ్ల పేర్లు కనబడవు. లాటిన్‌లో రాసిన కాథలిక్ రిజిస్టర్లలో తండ్రి పేరు పక్కన "మిలెస్" అన్న మాట కనబడితే అతను సిపాయి అని అర్థం. అది కనబడిన చోట ఆ తేదీకి ఆ ఊళ్లో ఏ పటాలం బస చేసి ఉందో చూడటం తక్షణ కర్తవ్యం.

ఐర్లండు దస్తావేజుల గురించి మాట్లాడుతూ 1922 జూన్ 30ని దాటిపోలేం. అంతర్యుద్ధం మొదలైన ఆ రోజుల్లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయం ముట్టడిలో పేలుడు జరిగి, అక్కడి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఖజానా కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణన పత్రాల్లో కొన్ని తునకలు తప్ప అన్నీ పోయాయి. చర్చ్ ఆఫ్ ఐర్లండు పారిష్ రిజిస్టర్లలో సగానికి పైగా అక్కడే ఉన్నాయి, అవీ పోయాయి. 1861, 1871 జనగణన పత్రాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జయ్యాయి. పూర్తిగా మిగిలినవి 1901, 1911 జనగణనలే. ఈ వివరాలు విన్నవాళ్లు "అయితే ఇక ఏమీ లేదన్నమాట" అని చేతులెత్తేస్తారు. కానీ మిలీషియా జీతాల పట్టీలు డబ్లిన్‌లో లేవు. లెక్కలు యుద్ధ శాఖవి, యుద్ధ శాఖ లండన్‌ది. ఆ కట్టలు నేడు లండన్ శివారులోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 13 అనే వరుసలో పదిలంగా ఉన్నాయి. వలస పాలన గురించి మనకెన్ని అభిప్రాయాలున్నా, ఈ సందర్భంలో దాని జమాఖర్చుల పిచ్చి మనకు మేలే చేసింది.

ఆ కట్టల్లో ఒక పుట ఎలా ఉంటుందో చెప్తాను. పెద్ద సైజు కాగితం, అడ్డంగా గీతలు. కంపెనీ (పటాలంలోని ఒక భాగం) వారీగా ముందు సార్జెంట్లు, తర్వాత కార్పొరల్సు, డ్రమ్ములు వాయించేవాళ్లు, ఆ తర్వాత సిపాయిలు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఆ కాలవ్యవధిలో ఎన్ని రోజులకు జీతం చెల్లిందో అంకె. చివర రిమార్కుల గడి. ఆసక్తి ఉన్నవాళ్లు ముందు ఆ గడిలోకే చూడాలి: ఒకడు సెలవులో ఉన్నాడు, ఒకడు ఆసుపత్రిలో, ఒకడు ఖైదులో, ఒకడు పారిపోయాడు, ఒకడు చనిపోయాడు, ఒకడు ఫలానా రెగ్యులర్ పటాలానికి వెళ్లిపోయాడు. పుట్టిన ఊరు, తండ్రి పేరు ఈ పట్టీల్లో సాధారణంగా ఉండవు. వీటి విలువ మరో చోట ఉంది. ఒక పేరు మొదట ఏ పట్టీలో కనబడిందో, చివర ఏ పట్టీలో కనబడిందో తెలిస్తే చేరిన కాలం, వదిలిన కాలం రెండూ చేతికి వస్తాయి. పట్టీ తలకట్టున పటాలం మకాం ఎక్కడో రాసి ఉంటే బాప్టిజాలు, పెళ్లిళ్లు ఏ ఊళ్లో వెతకాలో తేలిపోతుంది. వరుసగా కొన్నేళ్ల పట్టీలు చదివితే అతని వెంట ఐర్లండంతా నడిచినట్లే.

మొదటి పుట నుంచి చివరికి చదవాలనుకోవడం సహజం. నేను మాత్రం వెనక నుంచి చదవమంటాను. మనకు నిశ్చయంగా తెలిసింది చివరి మజిలీయే గనుక అక్కడి నుంచి ఒక్కొక్క పట్టీ వెనక్కి పోతే, మధ్యలో అదే పేరు గల మరొకడు వచ్చి చేరినా ఆ మలుపు కనబడుతుంది. ఐరిష్ పేర్లలో ఇది చిన్న విషయం కాదు. ఒకే కంపెనీలో ఇద్దరు జాన్ సలివన్లు, ముగ్గురు పాట్రిక్ మర్ఫీలు ఉండటం మామూలే. గుమాస్తా వారికి ఒకటి, రెండు అని నంబర్లు వేసేవాడు. ఇంటిపేరు ముందుండే "ఓ", "మాక్" ఒక పట్టీలో ఉంటాయి, మరో పట్టీలో ఉండవు. ఐరిష్ భాష మాట్లాడే సిపాయి నోట విన్నదాన్ని ఆంగ్లం చెవితో రాసుకున్న గుమాస్తాకు అక్షరక్రమం మీద పట్టింపు లేదు, చాలామంది సిపాయిలకు చదువూ లేదు. పేరులో ఒక అక్షరం తేడా ఉందని మనిషిని వదిలెయ్యకండి, పేరు అచ్చుగా కలిసిందని పట్టుకోకండి.

1798లో బ్రిటిష్ పాలన మీద ఐర్లండులో లేచిన తిరుగుబాటు గురించి కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు. ఎందుకంటే కుటుంబ కథలు ఎక్కువగా ఆ ఏడాది చుట్టూనే అల్లుకుంటాయి. మే 27న వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని ఔలర్ట్ కొండ దగ్గర నార్త్ కార్క్ మిలీషియా దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. జూన్ 5న న్యూ రాస్‌లో డబ్లిన్ కౌంటీ మిలీషియా కర్నల్ లార్డ్ మౌంట్‌జాయ్ హతుడయ్యాడు. ఆగస్టు 27న కాజిల్‌బార్‌లో, తిరుగుబాటుదారులకు తోడుగా వచ్చి దిగిన ఫ్రెంచి వారి ముందు నిలవలేక ప్రభుత్వ బలగాలు పరుగెత్తాయి. జనం ఆ యుద్ధానికి "కాజిల్‌బార్ పరుగుపందెం" అని పేరు పెట్టుకున్నారు. లాంగ్‌ఫర్డ్, కిల్కెన్నీ మిలీషియాల నుంచి కొందరు ఫ్రెంచి వైపు చేరారు కూడా. బాలినమక్ యుద్ధం తర్వాత దొరికిన అలాంటివారిని ఉరితీశారు. అంతకుముందు, కాజిల్‌బార్ జరిగిన తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 5న, స్లైగో కౌంటీ కొలూనీ దగ్గర కర్నల్ వెరెకర్ నాయకత్వంలో లిమరిక్ నగర మిలీషియా అదే ఫ్రెంచి దళాన్ని ఎదిరించి నిలిచింది. లిమరిక్ నగరపాలక సంస్థ వారికి పతకాలు చేయించి ఇచ్చింది. ఇంట్లో అటువంటి పతకం ఉంటే అది పటాలాన్ని నేరుగా చెప్పేస్తుంది. ఇదంతా ఎందుకంటే, "మా తాత తిరుగుబాటుదారులతో కలిసి పోరాడాడు", "మా తాత తిరుగుబాటును అణచాడు" అని ఒకే కుటుంబంలో రెండు కథలు ఉంటే వెంటనే ఒకటి అబద్ధమని కొట్టెయ్యనక్కర్లేదు. ఆ ఏడాది మిలీషియాలో రెండూ చేసినవాడు ఉండగలడు. వేసవి పట్టీకీ శరత్కాలపు పట్టీకీ మధ్య "పారిపోయాడు" అన్న మాట ఉందా అని చూడండి.

మిలీషియా నుంచి రెగ్యులర్ సైన్యానికి వెళ్లే దారి 1800 నుంచి విశాలంగా తెరుచుకుంది. నజరానా ఆశ చూపి వేలమందిని తీసుకున్నారు. మీ పూర్వీకుడు ఆ దారిన వెళ్లి పింఛను పుచ్చుకున్నాడంటే మీ అదృష్టం పండినట్లే. 1822 వరకు ఐర్లండు లెక్కలోని సిపాయిలకు పింఛను డబ్లిన్‌లోని కిల్మెయినమ్ రాయల్ హాస్పిటల్ ఇచ్చేది, ఆ తర్వాత లండన్‌లోని చెల్సీ చేతికి వెళ్లింది. కిల్మెయినమ్ పుస్తకాలు డబ్ల్యూ.ఓ. 118, 119 వరుసల్లో, చెల్సీ వారి సర్వీసు పత్రాలు 97లో ఉన్నాయి. ఆ పత్రంలో అచ్చు వేసిన వాక్యం మధ్య ఖాళీలు నింపి ఉంటాయి: ఫలానా పారిష్‌లో, ఫలానా పట్నం దగ్గర, ఫలానా కౌంటీలో పుట్టాడు, చేరేనాటి వయసు ఇంత, వృత్తి కూలీ, నేతపని, చెప్పులు కుట్టడం. తర్వాత ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, చామనఛాయా తెలుపా అన్నది. ముత్తాత తండ్రి ముఖం మనకు తెలిసే మొదటి, చివరి చోటు చాలా కుటుంబాలకు ఇదే. జీతాల పట్టీలో దొరకని ఊరు కూడా ఇక్కడే దొరుకుతుంది.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1816లో పటాలాలను ఇంటికి పంపేశారు. అక్కడి నుంచి 1854 దాకా మిలీషియా కాగితాల మీద ఉందే గానీ మనుషులు లేరు. కౌంటీ ముఖ్యపట్టణంలో ఒక అడ్జుటెంటు, కొందరు సార్జెంట్లు మాత్రం జీతం మీద మిగిలారు. అంచేత 1830ల్లో "మిలీషియా సార్జెంటు" అని ఎక్కడైనా కనబడితే అతను ఆ ముఖ్యపట్టణంలోనే కాపురం ఉన్నాడని దాదాపు నమ్మవచ్చు.

క్రిమియా యుద్ధం మళ్లీ మిలీషియాను లేపింది. ఈ రెండో తరం ఎక్కువగా ఏడాదికి కొన్ని వారాలు శిక్షణకు వచ్చి, నాలుగు డబ్బులు తీసుకుని, ఊరికి వెళ్లిపోయే కూలి జనం. వారి కష్టం ఎలాంటిదో 1856 జూలైలో నీనా పట్టణంలో జరిగిన నార్త్ టిప్పరరీ మిలీషియా తిరుగుబాటు చూపిస్తుంది. యుద్ధం అయిపోయింది, ఇళ్లకు పొండన్నారు. పోయేముందు కొత్తగా ఇచ్చిన నల్ల ప్యాంట్లు తిరిగి ఇవ్వమన్నారు, నజరానా బాకీ తేలలేదు. ఆ రెండు కారణాలకే పటాలం తిరగబడి, రెగ్యులర్ సైన్యంతో కాల్పుల దాకా వచ్చి, ప్రాణాలు పోయాయి. ఒక ప్యాంటు విలువ ఎంతో తెలియనివారికి ఈ సంఘటన నవ్వుగా ఉంటుంది.

ఈ తరం వారికి ఇంకొక ఆధారం అనుకోని చోట ఉంది. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల పింఛను మొదలైంది. 1855లో పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా మిలీషియాలో చేరినవాడికి సరిగ్గా అప్పటికి 72 ఏళ్లు. జననాల సార్వత్రిక నమోదు ఐర్లండులో 1864లో గానీ మొదలుకాలేదు కాబట్టి వయసు రుజువు చేసుకోవడానికి 1841, 1851 జనగణనల్లో తమ కుటుంబం పేరు వెతికించుకోవలసి వచ్చింది. అప్పటికి ఆ జనగణనలు ఇంకా కాలలేదు. అలా అధికారులు తీసి రాసిన చీటీలు మిగిలాయి, నేడు ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా చూపిస్తోంది. తల్లిదండ్రుల పేర్లు, అప్పటి టౌన్‌ల్యాండ్ (ఐర్లండులో అతి చిన్న భూవిభాగం) పేరు వాటిలో ఉంటాయి. ఈ పింఛను వల్లే 1901 నుంచి 1911కి పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగిన ముసలివాళ్లు జనగణనలో బోలెడుమంది కనబడతారు. అది చూసి వేరే మనిషి అనుకోవద్దు.

1860ల తర్వాత చేరినవారి చేరిక పత్రాలు డబ్ల్యూ.ఓ. 96లో ఉన్నాయి. వీటిలో పుట్టిన పారిష్, ఎవరి దగ్గర పని చేస్తున్నాడు, పెళ్లయిందా, పిల్లలెందరు, మతం, ఒంటి మీది గుర్తులు, ఏ ఏట శిక్షణకు హాజరయ్యాడు అన్నవి ఉంటాయి. ఒక చిక్కు గుర్తుంచుకోవాలి: ఈ పెట్టెలు పాత మిలీషియా పేర్లతో సర్ది లేవు, ఆ మిలీషియా తర్వాత ఏ రెగ్యులర్ పటాలానికి జతైందో ఆ వరుసలో ఉన్నాయి. ఉదాహరణకు కెర్రీ మిలీషియా 1881 సంస్కరణలో రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ నాలుగో బెటాలియన్ అయింది. 1875లో కెర్రీలో చేరినవాడి కాగితం మన్‌స్టర్ పెట్టెలో ఉంటుంది. కెర్రీ అన్న పేరు కింద వెతికి లేదని తిరిగి వచ్చేసినవారు ఉన్నారు.

పారిష్ పేరు దొరికాక పని నేల మీదికి దిగుతుంది. ఐర్లండులో 60 వేలకు పైగా టౌన్‌ల్యాండ్‌లు ఉన్నాయి, ఒకే పేరు గలవి కోకొల్లలు. ప్రభుత్వ పారిష్ హద్దులు వేరు, కాథలిక్ పారిష్ హద్దులు వేరు. 1823 నుంచి 1837 దాకా రాసిన టైత్ (చర్చికి చెల్లించే పన్ను) పుస్తకాలు, 1847 నుంచి 1864 దాకా అచ్చయిన గ్రిఫిత్ భూమి మదింపు, ఈ రెండిటిలో ఇంటిపేరు ఏ టౌన్‌ల్యాండ్‌లలో గుమిగూడి ఉందో చూసి, ఆ ప్రాంతపు కాథలిక్ రిజిస్టరు తెరవాలి. ఐర్లండు జాతీయ గ్రంథాలయం 2015లో ఆ రిజిస్టర్ల చిత్రాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పశ్చిమ ప్రాంతాల్లో చాలా రిజిస్టర్లు 1820ల తర్వాతే మొదలవుతాయి. 1775లో పుట్టినవాడి బాప్టిజం అక్కడ దొరకదు, దొరకలేదని దిగులు పడవలసిన పనీ లేదు. అతని చెల్లెలి పిల్లల బాప్టిజాల్లో సాక్షుల పేర్లు చూస్తే ఇంటివాళ్లు బయటపడతారు.

ఇక్కడే అమావాస్యకీ అబ్దుల్ ఖాదరుకీ ముడిపెట్టే ప్రలోభం వస్తుంది. పేరు కలిసింది, కౌంటీ కలిసింది, వయసు రమారమి కలిసింది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లోని వంశవృక్షాల్లో ఒకరు చేసిన అటువంటి ముడిని నలభై మంది ఎత్తి రాసుకుంటారు, చివరికి నలభై సాక్ష్యాలున్నట్టు కనబడుతుంది. పేరుతో సంబంధం లేని మూడో ఆనవాలు ఒకటైనా, అంటే భార్య పేరో, వృత్తో, పటాలం మకామో కలిసేదాకా పెన్సిల్‌తోనే రాయండి.

చివరగా మన నేలకు సంబంధించిన సంగతి. రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ యుద్ధ బిరుదుల్లో "కాండోర్", "మసూలిపటం" అనే పేర్లు ఉన్నాయి. మొదటిది పిఠాపురం దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో జరిగిన యుద్ధం, రెండోది 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ పట్టుకున్న మచిలీపట్నం కోట. వాటిని చూసి "మా కెర్రీ మిలీషియా తాత మచిలీపట్నంలో పోరాడాడు" అని రాసుకోవడం పొరపాటు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఐరోపా పటాలాలు సంపాదించిన బిరుదులవి. ఆ పటాలాలు 1881లో ఐర్లండు నైరుతి మిలీషియాలతో కలిపి ఒకే పేరు కింద చేరినప్పుడు వంశపారంపర్యంగా వచ్చాయి. 1922లో ఆ పటాలమే రద్దయింది.

నిజంగా ఇక్కడికి వచ్చినవారి దారి వేరు. 1825, 1850 మధ్య బెంగాల్ సైన్యంలోకి కంపెనీ తెచ్చుకున్న ఐరోపా సిపాయిల్లో దాదాపు సగం మంది ఐరిష్ వారే. ఓడ ఎక్కించేటప్పుడు కంపెనీ రాసిన పట్టీల్లో వయసు, స్వస్థలం, వృత్తి ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలలో జరిగిన బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు ఏటా లండన్‌కు పోయేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్. 2 అనే వరుస. మచిలీపట్నంలోనో సికింద్రాబాద్‌లోనో పెళ్లి చేసుకున్న సిపాయి పేరు పక్కన హోదా, పటాలం రాసి ఉంటాయి. రాణి పటాలమైతే, అంటే బ్రిటిష్ ప్రభుత్వ సైన్యానిదైతే, చెల్సీ పత్రాలకూ, కంపెనీ పటాలమైతే ఓడ పట్టీకీ వెళ్లండి. మిలీషియా మాట నిజమైతే ఓడ ఎక్కిన ఏడాదికి ముందున్న జీతాల పట్టీల్లో, స్వస్థలంగా రాసిన కౌంటీ పటాలం కింద, రిమార్కుల గడిలో అతను వెళ్లిపోయిన సంగతి ఉండాలి. ముందు ఆ గడి చూసి రండి, మిగిలిన ప్రశ్నలు అప్పుడు మాట్లాడుకుందాం.